లామినేషన్ చేసిన లెక్క

ఆ ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. నాన్న గడ్డం గీసుకోవడం ముగించి బూట్లు తొడుక్కునేలోపు నాలుగు నిమిషాలు దొరుకుతాయి. ఆ నాలుగు నిమిషాల్లో రెండు వాక్యాలు చెప్పాలి. "నాన్నా, ఆరు సబ్జెక్టుల్లో రెండు పోయాయి. మళ్ళీ రాసి పాసవుతాను." అంతే. ఆ తర్వాత తిడితే పడాలి, కొడితే ఓర్చుకోవాలి, రెండూ జరగకపోతే రొట్టె తిని కాలేజీకి పోవాలి.

అతను ఇంకా ఇంజనీరు కాలేదు. సివిల్ ఇంజనీరింగు మూడో సంవత్సరంలో ఉన్నాడు. కానీ సీటు వచ్చిన రోజు నుంచీ ఆ అయిదంతస్తుల భవనంలో అందరూ అతణ్ణి ఇంజనీరూ అనే పిలుస్తున్నారు. వాళ్ళ నాన్న ఆ భవనానికి ప్లంబరు. పంపు గది పక్కనున్న రెండు గదులూ ఉద్యోగంతో పాటు వచ్చినవే. మోటారు వేస్తే గోడకు తగిలించిన అద్దం వణికే ఇల్లది. అలాంటి ఇంట్లోంచి ఒక ఇంజనీరు తయారవుతున్నాడంటే భవనంలో వాళ్ళకి ముచ్చటే మరి. ముచ్చటపడటానికి వాళ్ళకేం, పరీక్ష రాసేది వాళ్ళు కాదు కదా!

ఫలితాలు పొద్దున్న ఆరుంబావుకి వచ్చాయి. స్నానాల గదిలో గడియ పెట్టుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఫోనులో చూసుకున్నాడు. ఫ్లూయిడ్ మెకానిక్స్, ఎఫ్. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, ఎఫ్. సర్వేయింగు, డి. లెక్కలు, డి. కాంక్రీటు, సి. ఆఖరున కమ్యూనికేషన్ స్కిల్స్, ఎ. హాల్ టికెట్టు నంబరు తప్పు కొట్టానేమో అని మళ్ళీ కొట్టాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గ్రేడ్ల దగ్గరే తేడా వచ్చింది.

చదవకుండా తప్పినవాడికి ఒక సుఖం ఉంటుంది. ఈసారి చదువుతాలే అనుకుంటాడు, హాయిగా పడుకుంటాడు. ఇంజనీరుకి ఆ సుఖం కూడా లేదు. అతను చదివాడు. మోటారు రొదలో చెవుల్లో దూది పెట్టుకుని మరీ చదివాడు. ఒక్కో లెక్కా తొమ్మిదేసి సార్లు చేశాడు. అంతా చేసి తప్పినవాడు ఇంక దేన్ని చూసుకుని ధైర్యం తెచ్చుకోవాలి? నా బుర్రే ఇంతేమో అన్న అనుమానం బకెట్టు మీద కూర్చున్నవాడి గుండెల్లో రాయిలా పడింది. కళ్ళు తుడుచుకుని, ముఖం కడుక్కుందామని కుళాయి తిప్పాడు. కుళాయి ఒకసారి దగ్గి ఊరుకుంది.

"అమ్మా, నీళ్ళు రావట్లేదు!"

"నోటీసు చూడలేదట్రా? పదకొండు దాకా రావు." వంటగదిలోంచి అమ్మ గొంతు హుషారుగా వినిపించింది. "మీ నాన్న అయిదున్నరకే గడ్డం గీసుకుని పైకెళ్ళిపోయారు. ఇవాళ నీ పైపు వేస్తున్నారు కదా!"

నాలుగు నిమిషాల పథకం అక్కడే నీరుగారిపోయింది. దానికంటే ముందు, నీ పైపు అన్న మాట చెవిన పడగానే ఇంజనీరు పై ప్రాణాలు పైనే పోయాయి.

విషయమేమిటంటే, ఆ భవనంలో డాబా మీది ట్యాంకు నుంచి కిందికి దిగే పెద్ద పైపు తుప్పుపట్టిపోయింది. పై అంతస్తులో కుళాయి తిప్పితే దారప్పోగంత నీళ్ళు వస్తున్నాయి. ఏ పైపు వెయ్యాలో ముప్ఫయ్యేళ్ళుగా పైపులు బిగిస్తున్న ప్లంబరుకి కంటిచూపుతోనే తెలుసు. కానీ భవనం కమిటీకి ప్రెసిడెంటు గారొకరు ఉన్నారు. ఆయన ఏదో ఆఫీసులో తనిఖీ అధికారిగా చేసి రిటైరైన మనిషి. కాగితం లేని మాట ఆయనకు చెవికెక్కదు. "నోటి లెక్కలతో పని మొదలుపెట్టేది లేదు మేస్త్రీ. ఇంజనీరు చేత లెక్క కట్టించి పట్టుకురా. లేదంటే మొత్తం పనంతా బయట కంపెనీకి అప్పజెప్పేస్తాం. అప్పుడు నీతో మాకు పనేముంటుంది?" అన్నారు.

ప్లంబరు ఇంటికొచ్చి కొడుకు ముందు ఒక తెల్లకాగితం పెట్టాడు. "ఎన్ని అంగుళాల పైపు వెయ్యాలో లెక్క కట్టి ఇవ్వు నాన్నా" అన్నాడు. నాన్న తనను ఒక పని అడగడం అదే మొదటిసారి. ఇంజనీరు స్కేలు పెట్టి గీతలు గీసి, అరగంటలో లెక్క తేల్చి, చివర జవాబు చుట్టూ ఒక పెట్టె గీశాడు. పైపు సైజు, ఒక అంగుళం. ప్లంబరు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. కొడుకు భుజం తట్టి వెళ్ళిపోయాడు. గర్వంతో నాన్నకి నోట మాట రాలేదనుకుని ఆ వేళ ఇంజనీరు పొంగిపోయాడు. మర్నాటికి ఆ కాగితం కింద 'పరిశీలించడమైనది' అని ప్రెసిడెంటు గారి సంతకం పడింది. ఆ మర్నాటికి ప్లంబరు దాన్ని లామినేషన్ చేయించి పంపు గది గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు.

ఇదంతా పరీక్షలకు రెండు వారాల ముందు మాట. ఇప్పుడు ఇంజనీరు రఫ్ పుస్తకం తీసి ఆ లెక్క వెతికాడు. చివరి వరుస చూశాడు. ఒక అంగుళం వచ్చింది వ్యాసార్థం. అంటే పైపు రెండు అంగుళాలు ఉండాలి. అతను సగం దారిలో ఆగిపోయి, దాని చుట్టూ పెట్టె గీసేశాడు. పరీక్షలో నాలుగో ప్రశ్న, పదిహేను మార్కులది, అచ్చంగా ఇలాంటి లెక్కే. అందులోనూ ఇలాగే పెట్టె గీసి వచ్చాడు.

"ఓరి నాయనో" అన్నాడు పైకే.

అయిదంతస్తులకీ ఒక్క అంగుళం పైపు! అది బిగిస్తే పై రెండంతస్తులకి దారప్పోగు కూడా రాదు. ప్రెసిడెంటు గారు ఊరుకోరు. బయట కంపెనీ వస్తుంది. నాన్న ఉద్యోగం పోతుంది, దాంతో పాటే అద్దం వణికే ఈ రెండు గదులూ పోతాయి. ముప్ఫయ్యేళ్ళుగా నాన్న బిగించిన చోట ఒక్క చుక్క కారలేదు. ఆ పేరంతా తన పెట్టె పాలవుతుంది. పైపు బిగించేలోపు ఆపాలి. ఆపాలంటే లెక్క తప్పని చెప్పాలి. ఎలా తెలిసిందంటే ఫెయిలయ్యానని చెప్పాలి. రెండు వాక్యాలతో పోతుందనుకున్నది ఇప్పుడు పెద్ద భాగవతమైంది.

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాడు. పంపు గది ముందే ప్రెసిడెంటు గారు ఎదురయ్యారు. భుజాన తువ్వాలు, చేతిలో ఖాళీ చెంబు, ఒక చెంపకి నున్నటి గడ్డం, రెండో చెంపకి సబ్బు నురగ. నీళ్ళు ఆపేస్తామన్న నోటీసు మీద సంతకం పెట్టింది ఆయనే. చదవలేదని ఆ నురగే చెబుతోంది.

"ఏమయ్యా ఇంజనీరూ, ఏమిటా పరుగు?"

"సార్, ఇవాళ పైపు పని ఆపించండి సార్. రేపు చేసుకోవచ్చు."

"ఆపడమేమిటి? నోటీసు అంటించాం. నీ లెక్క ప్రకారమే కదా జరుగుతోంది?" అని ఆయన గోడ మీది లామినేషన్ కాగితం కేసి చూపించారు. అది ట్యూబులైటు వెలుగులో తళతళలాడుతోంది.

కమ్యూనికేషన్ స్కిల్స్‌లో ఎ గ్రేడు తెచ్చుకున్నవాడికి ఆ క్షణంలో ఒక్క నిజం మాట నోటికి రాలేదు. అబద్ధం మాత్రం ఎవరో వెనకనుంచి అందించినట్టు గబుక్కున వచ్చేసింది.

"నాన్నకి ఒంట్లో బాగోలేదు సార్. కళ్ళు తిరుగుతున్నాయి."

"కళ్ళు తిరుగుతున్నాయా? నిచ్చెనెక్కే మనిషికి కళ్ళు తిరగడమేమిటయ్యా!" ప్రెసిడెంటు గారి చేతిలో చెంబు ఠంగుమని కింద పడింది. "వాచ్‌మన్! పైకి రా! మేస్త్రి కళ్ళు తిరిగి పడిపోతున్నాడు! డాక్టరమ్మని పిలువు!"

"అంత పెద్దది కాదు సార్, కొంచెమే" అని ఇంజనీరు అంటూనే ఉన్నాడు. ఆయన అప్పటికే మెట్ల మీద ఉన్నారు.

ఆ భవనంలో డాక్టరమ్మ అంటే మూడో అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరు. పన్ను తప్ప ఇంకేదీ తన పని కాదని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినిపించుకోరు. ఆవిడ బీపీ యంత్రం చంకన పెట్టుకుని బయల్దేరింది. వాచ్‌మన్ వెనకాలే కేకలు వేసుకుంటూ వస్తున్నాడు. ఆ కేకలకి తలుపులు తెరుచుకున్నాయి. మొదటి అంతస్తులో మేస్త్రికి కళ్ళు తిరిగాయన్న కబురు రెండో అంతస్తుకి చేరేసరికి మేస్త్రి నిచ్చెన మీంచి పడ్డాడయింది. నాలుగో అంతస్తులో ట్యాంకులో పడ్డాడయింది. తలకి షాంపూ పట్టించుకుని నీళ్ళు లేక నిలబడిపోయిన ఒక పెద్దమనిషి తలుపు సందులోంచి ముఖం బయటపెట్టి, "ఏ ట్యాంకులో? మనం తాగే నీళ్ళదేనా?" అని అడిగాడు.

డాబా మీద ప్లంబరు నిచ్చెనెక్కి ఉన్నాడు. పాత పైపు విప్పేసి పక్కన పడేశాడు. ట్యాంకు అడుగున దాని మూతి నోరు తెరుచుకుని ఉంది. కొత్త పైపులు గోనెపట్టాలు చుట్టి గోడవారన పడుకోబెట్టి ఉన్నాయి. ఇంకా ఒక్కటి కూడా బిగించలేదు. అది చూసి ఇంజనీరు ఊపిరి పీల్చుకున్నాడు.

"మేస్త్రీ, కదలకు! మెల్లిగా దిగు!" అరిచారు ప్రెసిడెంటు గారు.

"ఏమైంది సార్?"

"నీకు కళ్ళు తిరుగుతున్నాయి."

"నాకా? లేదే!"

"తిరిగేవాళ్ళు అలాగే అంటారు. నిచ్చెన పట్టుకో వాచ్‌మన్!"

"నాకు కళ్ళు తిరుగుతున్నాయని ఎవరు చెప్పారు సార్?"

"ఇంకెవరు, మీ అబ్బాయే!"

ప్లంబరు పై నుంచి కొడుకు కేసి చూశాడు. కొడుకు తలొంచుకుని తన కాలివేళ్ళు చూసుకుంటున్నాడు. చెప్పులు లేవు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ప్లంబరు రెంచి నడుముకి దోపుకుని నెమ్మదిగా దిగుతూ, "వాడు చెప్పాడా? అయితే తిరుగుతున్నాయేమో సార్. పనిలో పడి నేను గమనించలేదు" అన్నాడు.

ఆ మాటతో ఇంజనీరుకి తల కొట్టేసినట్టయింది. ఎందుకని అడగకుండా నాన్న తన అబద్ధాన్ని నెత్తికెత్తుకున్నాడు. ఇంతకంటే నాలుగు తన్నినా బాగుండేది.

ప్లంబర్ని ఇటుకల మీద కూర్చోబెట్టారు. డాక్టరమ్మ యంత్రం కట్టి చూసింది. "నూట ఇరవై, ఎనభై. బ్రహ్మాండంగా ఉంది."

"మళ్ళీ చూడమ్మా. యంత్రం పాతదేమో" అన్నారు ప్రెసిడెంటు గారు. "ఏమయ్యా మేస్త్రీ, ఒంట్లో బాగోనప్పుడు చెప్పద్దూ? పై నుంచి పడితే బాధ్యత ఎవరిది? కమిటీది కాదూ? నోటీసు ఇచ్చాక ఇలా చేస్తే ఎలా?" అని ఆపకుండా అయిదు నిమిషాలు వాయించారు. రెండోసారి చూస్తే నూట యాభై ఉంది. "చూశారా, పెరుగుతోంది! నేను చెప్పలేదూ?" అన్నారు విజయగర్వంతో. డాక్టరమ్మ ఏం చెయ్యాలో తోచక అలవాటు కొద్దీ, "ఏదీ, నోరు తెరవండి" అంది. ప్లంబరు తెరిచాడు. "పైన ఎడమవైపు పన్ను పుచ్చింది."

"దానికీ కళ్ళు తిరగడానికీ సంబంధం ఉంటుందా?"

"పన్నుకి దేనితోనైనా సంబంధం ఉంటుందండీ."

ఇంజనీరు తండ్రి దగ్గరికి జరిగి, "నాన్నా, నీతో ఒక మాట" అన్నాడు. అప్పుడే మెట్ల దగ్గర పెడబొబ్బ వినిపించింది. అమ్మ! ఆవిడకు కింద చేరిన కబురు ట్యాంకులో పడ్డాడనే. పొయ్యి ఆపిందో లేదో తెలియదు, చేతిలో గరిటె అలాగే ఉంది. అయిదంతస్తులూ ఒక్క ఊపున ఎక్కేసింది. డాబా మీదికి వచ్చి, ఇటుకల మీద పొడిగా నోరు తెరుచుకుని కూర్చున్న మొగుణ్ణి చూసింది.

"బతికే ఉన్నారా!" అంది. అని, కళ్ళు తిరిగి కూలబడిపోయింది.

ఇప్పుడు నిజంగానే ఒకరికి కళ్ళు తిరిగాయి. ఆ ఘనత కూడా ఇంజనీరుకే దక్కింది. ప్లంబరు చేతికి కట్టిన పట్టీ, దానికి వేలాడుతున్న యంత్రంతో సహా లేచి భార్య దగ్గరికి ఉరికాడు. అందరూ నీళ్ళు నీళ్ళు అని అరిచారు. భవనమంతటా కుళాయిలు ఎండిపోయి ఉన్నాయన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ఒరేయ్, ట్యాంకు కింద కుళాయి ఉంది. గ్లాసుడు పట్రా, పరుగెత్తు!" అన్నాడు ప్లంబరు.

ఇంజనీరు పరుగెత్తాడు. ట్యాంకు కింద రెండున్నాయి. వెనకవైపు చిన్న ఇత్తడి కుళాయి ఒకటి. ముందువైపు, పాత పైపు విప్పిన చోట, ఎర్రరంగు చక్రమున్న పెద్ద వాల్వు ఒకటి. అమ్మ కింద పడి ఉంటే ఎవరికి మాత్రం వెనకవైపు చూడాలని తోస్తుంది? చక్రం పట్టుకుని బలంకొద్దీ తిప్పాడు. తిరగలేదు. ఇంకా బలంగా తిప్పాడు. ఈసారి తిరిగింది. పూర్తిగా తిరిగాక చక్రం ఊడి చేతిలోకి వచ్చింది.

నోరు తెరుచుకున్న మూతికి సరిగ్గా ఎదురుగా ప్రెసిడెంటు గారు నిలబడి, ఇలాంటి అత్యవసర పరిస్థితుల్లో కమిటీ ఏం చెయ్యాలో చెబుతున్నారు. వాక్యం పూర్తికాలేదు. ట్యాంకు మొత్తం ఆయన మీదికి వచ్చినట్టయింది. చెంప మీది నురగ ఒక్క దెబ్బకి శుభ్రమైపోయింది. నీళ్ళు ఆయన్ని దాటి, డాక్టరమ్మ యంత్రాన్ని తడిపి, అమ్మ ముఖం మీదుగా పారి, మెట్ల దారి పట్టాయి. అమ్మ దిగ్గున లేచి కూర్చుంది.

"చెయ్యి తియ్యి, జరుగు!" అని ప్లంబరు ఒక్క దూకు దూకాడు. నడుముకున్న రెంచి లాగి, ఊడిన చక్రం లోపలి ఇరుసు పట్టుకుని బిగించడం మొదలుపెట్టాడు. ఆయనకు కళ్ళు తిరుగుతున్నాయన్న సంగతి ఆయనతో సహా అందరూ మరిచిపోయారు. నీళ్ళు ఆగడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలూ కింద పండగే. జనం బకెట్లు, గిన్నెలు తెచ్చి మెట్ల మీద వరసగా పెట్టుకున్నారు. షాంపూ పెద్దమనిషి మెట్టు మీద తల వంచి తృప్తిగా కడుక్కున్నాడు. అయిదో అంతస్తుకి అంత జోరుగా నీళ్ళు రావడం ఆ భవనం కట్టాక అదే మొదటిసారి.

ప్రెసిడెంటు గారు బట్టలు పిండుకోలేదు. కారుతూనే నిలబడ్డారు. "మేస్త్రీ" అన్నారు. "చాలు. ఇంక చాలు. రేపట్నుంచి బయట కంపెనీ వస్తుంది. నీ సామాను సర్దుకో."

"తిప్పమన్నది నేనే సార్" అన్నాడు ప్లంబరు. "కళ్ళు తిరుగుతున్నాయి కదా, ఏది తిప్పాలో సరిగ్గా చెప్పలేకపోయాను. తప్పు నాదే."

ఇంజనీరు ఇంక తట్టుకోలేకపోయాడు. చేతిలో ఎర్ర చక్రం పట్టుకుని బస్సు డ్రైవరులా నిలబడి, గొంతు చించుకుని అరిచాడు.

"నాన్నకేం కాలేదు సార్! అబద్ధం చెప్పాను! తిప్పిందీ నేనే. పైపు పని ఆపించాలని చెప్పాను. ఆ లెక్క తప్పు సార్. ఒకించు పైపు వేస్తే పైకి నీళ్ళు రావు. వ్యాసార్థం తీసుకొచ్చి వ్యాసమని రాశాను. పరీక్షలోనూ అలాగే రాశాను. ఫెయిలయ్యాను. రెండు పోయాయి, రెండు అంచున గట్టెక్కాయి. నేను ఇంజనీర్ని కాదు, ఏమీ కాదు. నా లెక్క నమ్మి మా నాన్న మునిగిపోతున్నాడు సార్, ఆపండి!"

నాలుగంతస్తుల జనం మెట్ల మలుపులో బకెట్లతో నిలబడి విన్నారు. నాలుగు నిమిషాల్లో, ఇద్దరి మధ్య, వంటగది పక్కన అయిపోవాల్సిన మాట!

"అంటే తప్పుడు లెక్క చూపించి కమిటీ చేత..." అని ప్రెసిడెంటు గారు అందుకున్నారు.

ప్లంబరు గోడ దగ్గరికి నడిచాడు. తాళ్ళు విప్పి, గోనెపట్టా లాగేశాడు. లోపల పైపులు వరసగా ఉన్నాయి. అన్నీ రెండంగుళాలవి.

"పాత పైపే ఒకటిన్నర అంగుళం సార్" అన్నాడు నెమ్మదిగా. "అది చాలకే కదా కొత్తది వేస్తున్నాం. దాని చోట ఒకించు ఎలా వేస్తాను? కాగితం చూసిన రోజే తెలుసు నాకు."

"తెలిసీ ఆ కాగితం నాకెందుకిచ్చావు?"

"మీరు కాగితం అడిగారు సార్. ఇచ్చాను. కింద పరిశీలించడమైనది అని మీరే సంతకం పెట్టారు."

ప్రెసిడెంటు గారు నోరు తెరిచారు. డాక్టరమ్మ ఆ నోట్లోకి ఆసక్తిగా చూసింది. "మీరు చదివారా అది?" అని అడిగింది.

"సంతకం పెట్టాల్సిన చోటు దాకా చదివాను" అన్నారాయన. ఆ తర్వాత బయట కంపెనీ ఊసెత్తలేదు. తడిబట్టలతో ఎక్కువసేపు ఉంటే జలుబు చేస్తుందని అందరికంటే ముందు కిందికి దిగిపోయారు.

అమ్మ గరిటె చూపించి, "కిందికి రా, నీ సంగతి చెబుతా. ట్యాంకులో పడ్డారని చెప్పిస్తావట్రా!" అని కొంగు పిండుకుంటూ వెళ్ళింది. జనం బకెట్లు మోసుకుంటూ చెదిరిపోయారు. డాబా మీద తండ్రీ కొడుకులు మిగిలారు. ఇంజనీరు తడి నేల మీదే చతికిలబడ్డాడు. ఆ భవనంలో అతని లెక్కను ఎవరూ నమ్మలేదు. నాన్న నమ్మలేదు, ప్రెసిడెంటు గారు చదవనే లేదు. నమ్మినవాడు తనొక్కడే. ఆ నమ్మకంతోనే ఇంటిల్లిపాదినీ వీధిన పడేయబోయాడు.

"లే. ఆ చివర పట్టుకో" అన్నాడు ప్లంబరు. ఇద్దరూ పైపు ఎత్తారు.

"తప్పని తెలిసినప్పుడు నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఎలా చెప్పమంటావురా? స్కేలు పెట్టి గీసుకొచ్చావు. పెట్టె కూడా కట్టావు. నీ ముఖం చూస్తే నోరు రాలేదు." ప్లంబరు నీళ్ళు కారకుండా పైపు మర మీద దారం చుడుతూ అన్నాడు. "నాలాంటివాడు తప్పంటే చిన్నబుచ్చుకుంటావనిపించింది. కాలేజీలో ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్నా."

"పరీక్షలో ఆ లెక్కే వచ్చింది నాన్నా."

ప్లంబరు చేతిలో దారం ఆగింది. "ఎన్ని మార్కులది?"

"పదిహేను."

"పాసవడానికి ఎన్ని తగ్గాయి?"

"పదకొండు."

ప్లంబరు రెంచి కింద పెట్టేశాడు. ముప్ఫయ్యేళ్ళలో ఒక్క చోట కూడా చుక్క కారనివ్వని మనిషి, కొడుకు పక్కన ఇటుకల మీద కూలబడి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. వచ్చే పరీక్ష నలభై రోజుల్లో ఉంది, అది కూడా ఇలాగే పోతుందేమోనన్న భయం కొడుక్కి ఉంది, దానికి ఎవరి దగ్గరా మందు లేదు.

ప్లంబరు తల ఎత్తాడు. "అన్నీ పోయాయా? ఏదీ బాగా రాలేదా?"

"ఒకదాంట్లో ఎ వచ్చింది. కమ్యూనికేషన్ స్కిల్స్."

"అంటే?"

"మనసులో ఉన్నది ఎదుటివాళ్ళకి సరిగ్గా చెప్పడం."

ప్లంబరు కొడుకుని చూశాడు, తనని చూసుకున్నాడు, ఇంకా కారుతున్న మెట్లకేసి చూశాడు. "అది దిద్దినాయన మన ఇంటికి ఒకసారి రావాలిరా" అని రెంచి అందుకున్నాడు.

పదకొండు దాటి పది నిమిషాలకు అయిదో అంతస్తులో కుళాయి ధారగా పారింది. సాయంత్రం ప్రెసిడెంటు గారు పొడిబట్టలతో, అటూ ఇటూ చూసుకుంటూ పంపు గదిలోకి వచ్చారు. గోడ మీది కాగితంలో ఒకటి కొట్టేసి రెండు వెయ్యమని తన కలం తీసి ఇంజనీరు చేతికి ఇచ్చారు. అతను నాలుగుసార్లు రాశాడు, నాలుగుసార్లూ సిరా జారిపోయింది.

నాన్న చాలా మంచి రకం లామినేషన్ చేయించాడు.